తెల్ల రక్తకణాల ఆయుధం

చేపల, రొయ్యల చెరువుల్లో పిల్లలను వదిలే ముందు నీటిని శుద్ధి చేయడానికి బ్లీచింగ్ పౌడర్ వాడడం కొల్లేటి ప్రాంత వాసులకు తెలిసిన విషయమే. నీటిలో కలిసిన ఆ పొడి నుండి హైపోక్లోరస్ ఆమ్లం ఏర్పడి క్రిములను చంపుతుంది. సరిగ్గా అదే ఆమ్లాన్ని మన రక్తంలోని తెల్లకణాలు కూడా తయారు చేస్తాయి.

గాయంలోకి క్రిములు చొరబడగానే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు అక్కడికి చేరి వాటిని మింగివేస్తాయి. అయితే మింగినంత మాత్రాన ప్రతి క్రిమీ చావదు. ఆ సమయంలో కణం మామూలుకన్నా అనేక రెట్లు ఎక్కువగా ఆక్సిజన్‌ను వినియోగిస్తుంది. కణపు పొరలోని ఒక ఎంజైము ఆ ఆక్సిజన్‌ను సూపర్ ఆక్సైడ్‌గా మారుస్తుంది. దాని నుండి హైడ్రోజన్ పెరాక్సైడ్, ఆపైన శరీరంలోని క్లోరైడ్ తోడ్పాటుతో హైపోక్లోరస్ ఆమ్లం తయారవుతాయి. చీములో కనిపించే లేత ఆకుపచ్చ ఛాయ ఈ చివరి పని చేసే ఎంజైముదే.

లక్షల్లో ఏ ఒక్కరికో సూపర్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైము పుట్టుకతోనే పనిచేయదు. దీనిని క్రానిక్ గ్రాన్యులోమాటస్ వ్యాధి అంటారు. 1950 దశకంలో వైద్యులు దీనిని గుర్తించారు. ఈ బిడ్డలకు పదే పదే నిమోనియా వస్తుంది; మెడ గ్రంథుల్లో, చర్మంపై, కాలేయంలో చీముగడ్డలు ఏర్పడతాయి. తెల్లకణాల సంఖ్య తగ్గదు గనుక మామూలు రక్తపరీక్షలో లోపం బయటపడదు. కణాలు ఆక్సిజన్‌ను ఆయుధంగా మార్చగలుగుతున్నాయో లేదో తెలిపే డి.హెచ్.ఆర్. పరీక్షను ప్రత్యేకంగా చేయించాలి.

ఈ లోపం ఒక రకంలో తల్లి ద్వారా కుమారులకు సంక్రమిస్తుంది. మరో రకంలో తల్లిదండ్రులిద్దరి నుండీ వస్తుంది. దగ్గరి బంధువుల మధ్య వివాహాలు జరిగే కుటుంబాల్లో ఈ రెండో రకం ఎక్కువ. ఏ రకమైనా తల్లి చేసిన తప్పేమీ లేదు. ఆమెను నిందించడం అన్యాయం.

వ్యాధి నిర్ధారణ అయిన బిడ్డను గడ్డివాములకు, ఎరువు దిబ్బలకు దూరంగా ఉంచాలి. ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పల్లెల్లో ఇవి ఇంటి పక్కనే ఉంటాయి. వాటిలోని బూజు ఊపిరితిత్తులకు చేరితే ఈ బిడ్డలకు ప్రాణాపాయం. క్రిములను, బూజును అడ్డుకునే మందులను వైద్యుని సలహాతో ప్రతిరోజూ ఇవ్వాలి. తగిన దాత లభిస్తే ఎముక మజ్జ మార్పిడితో వ్యాధి పూర్తిగా నయమయ్యే అవకాశం ఉంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ ఇంట మరో శిశువు జన్మిస్తే బి.సి.జి. టీకాకు ముందే వైద్యునికి ఈ సంగతి చెప్పాలి. ఇతర శిశువులను కాపాడే ఆ టీకాయే, సజీవ క్రిములతో తయారైనది గనుక, ఈ లోపమున్న శిశువుకు హాని చేయవచ్చు.