పొగ కనిపిస్తుంది, సీసం కనిపించదు: యారాడ చుట్టూ పిల్లల రక్తం ఎవరు పరీక్షిస్తారు?

విశాఖపట్నం: డాల్ఫిన్ నోస్ కొండ దాటితే యారాడ. కొండకు అటు పోర్టు, ఇటు గంగవరం, స్టీల్ ప్లాంట్. ఇక్కడ కాలుష్యం అంటే కిటికీ మీద పేరుకునే నల్లటి ధూళి, ఆకాశంలో పొగ. వాటి మీద గొడవ జరుగుతుంది, అర్జీలు పెడతారు. కంటికి కనిపించని సీసం మాత్రం ఆ అర్జీల్లోకి అంతగా రాదు.

ఈ నగరానికి సీసం కొత్త కాదు. మింది దగ్గర హిందూస్థాన్ జింక్ స్మెల్టర్ 1977లో మొదలై 2012లో మూతపడింది. జింక్‌తోపాటు అక్కడ కొంతకాలం సీసం కూడా తీశారు. దేశమంతటా 2000 దాకా పెట్రోలులోనూ సీసం కలిసేది. ఫ్యాక్టరీ మూతపడుతుంది, పెట్రోలు మారుతుంది. కానీ మట్టిలో, దుమ్ములో ఒకసారి చేరిన సీసం కుళ్లిపోదు, ఆవిరైపోదు.

2020 డిసెంబర్‌లో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. ఆ తర్వాత పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని నిపుణులు ప్రభుత్వానికి చెప్పారు. కారణం ఏదైనా, మామూలు జనం రక్తంలో సీసం ఉన్న సంగతి వాళ్లు ఆసుపత్రిలో చేరాకే బయటపడింది.

సీసం సైలెంట్‌గా పనిచేస్తుంది. ఇంత వరకు ఫర్వాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పెద్దలకంటే పిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువగా పడుతుంది. తెలివి, చదువు, ఏకాగ్రత దెబ్బతింటాయి. తల్లి ఎముకల్లో దాగిన సీసం గర్భంలో బిడ్డకూ చేరుతుంది. యూనిసెఫ్ 2020 నివేదిక ప్రకారం, డెసీలీటర్ రక్తంలో 5 మైక్రోగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ సీసం ఉన్న పిల్లలు ప్రపంచంలో దాదాపు 80 కోట్లు. అందులో 27 కోట్లకు పైగా మన దేశంలోనే.

ఇంట్లోకి దారులు చాలా ఉన్నాయి. పాత ఇళ్ల గోడల నుంచి రాలే పెయింట్ ఒకటి. 90 పీపీఎం మించకూడదన్న రూలు 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. రంగు కోసం కల్తీ చేసిన పసుపు ఇంకొకటి. రాగి గిన్నెల కళాయిలో తగరంతోపాటు సీసం కలిస్తే, చింతపులుసుతో అది కూరలోకి దిగుతుంది. బ్యాటరీ, స్క్రాప్, పెయింటింగ్ పనులు చేసేవాళ్ల బట్టలతో దుమ్ము ఇంటికొస్తుంది.

సుర్మా సంగతి కూడా చెప్పుకోవాలి. సున్నత్‌లో ఉన్నది ఇస్మిద్ రాయి. బజారులో సుర్మా పేరుతో అమ్మే పొడుల్లో చాలావాటిలో సీసపు ఖనిజం బయటపడింది. పసిపిల్లల కళ్లకు పెట్టేముందు ఈ తేడా తెలియాలి.

ఇంట్లో చేయగలిగింది కొంతే. తడిగుడ్డతో తుడవడం, తినేముందు పిల్లల చేతులు కడగడం, పనిబట్టలు విడిగా ఉతకడం, ఐరన్, కాల్షియం ఉన్న తిండి పెట్టడం. మిగతాది సర్కారు పని. అంగన్‌వాడీలో పిల్లల బరువు, ఎత్తు చూస్తున్నారు. పారిశ్రామిక వాడల పక్కనున్న ఊళ్లలో రక్తంలో సీసం కూడా చూడాలి. లెక్క లేకపోతే సమస్యే లేదన్నట్టు అయిపోతుంది. వచ్చే అర్జీలో ధూళితోపాటు ఈ పరీక్ష కూడా అడగాల్సిందే.