పాటకు ఫినిషింగు

పోయిన నెల పత్రిక అందిన వారంలోనే ముగ్గురు నన్ను ఒకే సంగతి అడిగినారు. ఇద్దరు దోవలో నిలబెట్టి అడిగినారు, ఒకామె ఇంటికే వచ్చింది. ముగ్గురిదీ ఒకటే బాధ. ఇంట్లో కొడుకో మనవడో కంప్యూటర్ ముందర కూర్చుని పాటలు తయారు చేస్తాండాడు. మైకు కావాలన్నాడు, కొనిచ్చినారు. హెడ్‌ఫోన్ కావాలన్నాడు, అదీ కొనిచ్చినారు. ఇప్పుడు 'మాస్టరింగ్ సాఫ్ట్‌వేర్' అంటాండాడు. అన్ని పనులూ ఒకే దాంట్లో అయిపోతాయంట, పదివేలో ఇరవైవేలో కావాలంట. చేతికి తగలని వస్తువుకు ఇంత డబ్బు పెట్టాలా, ఇది అవసరమా లేక మోసమా అని వాళ్ల అనుమానం.

నేను చదివింది నాలుగో తరగతి. అయినా ఇందులో నాలుగు మాటలు చెప్పగలను. మా మనవడు రెండేళ్లుగా నా మంచం పక్కనే ఈ పని చేస్తాండాడు, వాడు చేసేది చూస్తానే ఉన్నాను. పైగా ఫినిషింగ్ అంటే ఏందో మన మిల్లోళ్లకు ఒకరు నేర్పే పని లేదు.

పాట తయారీని మన మిల్లు లెక్కన చూడండి. గొంతు, హార్మోనియం, డోలక్ విడివిడిగా రికార్డు చేస్తారు. అది నూలు. ఏది ఎంత వినబడాలో సరిచూసి అన్నిటినీ కలపడం మిక్సింగు. అది నేత. అట్లా కలిపిన పాట మగ్గం మీదనుంచి దిగిన కోరా గుడ్డ లాంటిది. గుడ్డే, కానీ అంగడికి పోదు. పైపీచు కాల్చాలి, గంజి తీయాలి, ఉతకాలి, స్టెంటర్‌లో వెడల్పు సరిచేయాలి, క్యాలెండర్‌లో ఒత్తాలి, మడిచి ముద్ర వేయాలి. పాటకు ఆ పనే మాస్టరింగు.

దాంట్లో ఈక్వలైజర్ అనేది లావు శబ్దం, సన్న శబ్దం పాళ్లు సరిచేస్తుంది. కంప్రెసర్ గట్టిగా అరిచినచోట అణిచి, మెల్లగా పాడినచోటికీ దానికీ తేడా తగ్గిస్తుంది. ఇంకొకటి కుడి ఎడమలకు శబ్దాన్ని పరుస్తుంది. చివర లిమిటర్. ఇంతకు మించి పోగూడదని గీత గీసి, ఆ గీత లోపల పాటను పెద్దది చేస్తుంది. ఒకప్పుడు వీటికి వేర్వేరు పెట్టెలు ఉండేవి, ఒక్కో పెట్టె ధర మనబోటోళ్లు ఊహించేది కాదు. ఇప్పుడు అన్నీ ఒకే తెర మీదకు వచ్చేసినాయి. అదే వీళ్లు అడిగే 'ఆల్ ఇన్ వన్'.

పేర్లు చెప్తాను, మీ పిల్లోడు ఏది అడుగుతాండాడో చూసుకోండి. ఎక్కువమంది చెప్పేది ఓజోన్. అమెరికాలో ఐజోటోప్ అనే కంపెనీది, 2001 నుంచి ఉంది. ఎలిమెంట్స్, స్టాండర్డ్, అడ్వాన్స్‌డ్ అని మూడు మెట్లు. కింది మెట్టుకూ పై మెట్టుకూ రేటు ఎన్నో రెట్లు తేడా. ఇటలీ కంపెనీ ఐకే మల్టీమీడియా వాళ్లది టీ-ర్యాక్స్, అది 1999 నాటిది. మీ ఇంట్లో ఆపిల్ కంప్యూటర్ ఉండి అందులో లాజిక్ ప్రో ఉంటే వేరే కొనే పనే లేదు, 2023 చివర్లో దాంట్లోనే మాస్టరింగ్ అసిస్టెంట్ పెట్టినారు. అసలు సాఫ్ట్‌వేరే దించుకోకుండా ఇంటర్నెట్‌లో పాట పంపిస్తే మిషనే చేసి తిరిగి పంపేవీ ఉన్నాయి. కెనడాలో మాంట్రియల్ వాళ్ల ల్యాండర్ 2014లో మొదలయింది, దానికి డబ్బు కట్టాలి. సింగపూర్ వాళ్ల బ్యాండ్‌ల్యాబ్‌లో మాస్టరింగ్ ఊరికే చేసుకోవచ్చు. మా మనవడు మొదట్లో దాంతోనే గడిపినాడు, వాడి స్నేహితులు నలుగురు ఇప్పటికీ దాంతోనే గడుపుతాండారు.

మా ఇంట్లో ఇది అవసరం పడింది కొత్త పాటకు కాదు, పాత క్యాసెట్‌కు. మన చెక్కభజన కూటమి 1987 శ్రీరామనవమికి పాడిన పాటలు ఎవరో టేప్‌రికార్డర్‌లో పట్టినారు. అప్పుడు పాడినవాళ్లు పదకొండు మంది. ఇప్పుడు మిగిలింది ముగ్గురం. మా ఇంటామె అన్న ముందు గాయకుడు, ఆయన పోయి పందొమ్మిదేండ్లు. పోయినోళ్ల పిల్లలు చాలామంది ఆ పాటలు అడుగుతాండారు. వాళ్ల నాయన గొంతు వాళ్లకు ఇంకెక్కడా లేదు. క్యాసెట్‌లో గొంతులు, చెక్కలు, హార్మోనియం అన్నీ ఒకే దాంట్లో కలిసిపోయి ఉంటాయి, విడదీసి మళ్లీ కలపడం మా వాడి చేతిలో లేదు. అంటే నేత అయిపోయింది, ఫినిషింగ్ ఒక్కటే మిగిలింది. ఇట్లాంటి పనికి ఈ సాఫ్ట్‌వేర్లు నిజంగానే కావాలి.

వాడు ఒక దాన్ని ట్రయల్‌కు దించినాడు. ఏదో పేరు చెప్పను, ఇట్లాంటివన్నీ ఇంచుమించు ఒకే మాదిరి పనిచేస్తాయి. పాట కొంచెంసేపు విని అదే అన్నీ అమర్చేస్తుంది. నొక్కినాడు. అబ్బ, ఎంత గట్టిగా, ఎంత తళతళగా వచ్చిందో! నేనూ హార్మోనియం వాయించే పెద్దాయనా తల ఊపినాము. మా ఇంటామె వంటింట్లోనుంచి వచ్చి నిలబడి వినింది. "నాయనా, చెక్కలు యాడికి పొయినాయి? ఇది మా అన్న గొంతు మాదిరి లేదు" అనింది.

నాకేమో తేడా తెలియలేదు. తెలియదు కూడా. లూమ్‌షెడ్డులో షటిల్ మగ్గాల మధ్య ఇరవై రెండేండ్లు నిలబడినోణ్ణి. ఆ మోత నూరు డెసిబెల్ దాకా పోతుంది, చెవిలో దూది పెట్టుకున్నోడు అప్పట్లో ఎవడు? మోతకు చెడిన చెవిలో ముందుగా పోయేది నాలుగు వేల హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాలని చెవి డాక్టరు నాకు గీత గీసి చూపించినాడు. చెక్కల గలగల, తాళాల మొన, 'స' అక్షరం అంచు అంతా ఆ పైనే. మా ఇంటామె ఇంట్లో కూర్చుని అగరబత్తీలు చుట్టింది కాబట్టి ఆమె చెవి మిగిలింది. మన మిల్లులో పనిచేసిన పెద్దోళ్లను పిల్లలు "పాట ఎట్లుంది?" అని అడిగితే ఈ సంగతి మనసులో పెట్టుకోవాల. మనం బాగుందంటే బాగున్నట్టు కాదు.

చెక్కలు ఎందుకు పోయినాయంటే, ఇట్లాంటి సాఫ్ట్‌వేర్ లోపల కొన్ని కొలతలు ఉంటాయి. పాప్ అంటే ఇట్లుండాల, రాక్ అంటే అట్లుండాల, హిప్‌హాప్ అంటే ఇంకో మాదిరి అని. మన పాటను ఆ కొలతకు తెస్తుంది. ఆ కొలతల్లో చెక్కభజన యాడుంటుంది? పదకొండు మంది చేతుల్లో చెక్కలు ఆడుతుంటే మిషన్‌కు అది గీరుకుపోయే మోత అనిపించింది, అణిచేసింది. చీరె తాను తెచ్చి షర్టింగు కొలతకు స్టెంటర్‌లో లాగినట్టు. మందు ఏమంటే, మంచి సాఫ్ట్‌వేర్లలో మన చేతిలోని పాటనే రెఫరెన్సుగా ఇచ్చుకోవచ్చు. మా వాడు బాగా రికార్డయిన చెక్కభజన ఒకటి వెతికి అదిచ్చినాడు, అసిస్టెంట్ పెట్టిన ముళ్లన్నీ సగానికి తిప్పినాడు. వాళ్ల అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని మూడు రాత్రులు చేసినాడు. బుస్సుమనే టేపు మోత కొంచెం మిగిలింది. అది మొత్తం తీస్తే దాంతో చెక్కలూ పోతాండాయి, ఉండనీ అనింది ఆమె.

గట్టిదనం గురించి విడిగా చెప్పాల, మోసం ఉండేది అక్కడే. మంచి నూలు లేని పల్చటి గుడ్డకు దండిగా గంజి పట్టించి ఇస్త్రీ మెరుపుతో అమ్మడం మనం చూడని సంగతా? ఒక ఉతుక్కు జల్లెడయిపోయేది. లిమిటర్‌తో పాటను ఉబ్బించడమూ అంతే. పక్కపక్కన రెండు పాటలు వినిపిస్తే ఎవరికైనా గట్టిగా వినబడేదే మంచిదనిపిస్తుంది. ఆ ఆశతోనే లోకమంతా పాటలు ఉబ్బిస్తా పోయింది. 2008లో మెటాలికా అనే పెద్ద అమెరికా బృందం 'డెత్ మ్యాగ్నెటిక్' అని ఆల్బం తెస్తే, మరీ ఉబ్బించి పగలగొట్టినారని వాళ్ల అభిమానులే గోల చేసినారు. అవే పాటలు ఒక వీడియో గేములో మెత్తగా ఉండేవంట, జనం వాటినే వెతుక్కున్నారు.

ఇప్పుడు ఆ ఉబ్బుకు ఫలితం కూడా లేదు. స్పాటిఫై మామూలుగా అన్ని పాటలనూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ అనే గట్టిదనానికి సమం చేసి వినిపిస్తుంది. యూట్యూబ్ కూడా మరీ గట్టి పాటను తగ్గించేస్తుంది. మీవాడు పిండి పిండి మైనస్ 7కు తెచ్చినా అక్కడ మళ్లీ కిందికే దించుతారు, పాట నలిగిన నలుగుడు మాత్రం మిగుల్తుంది. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ చూసినా ముందు పాటనూ తర్వాత పాటనూ ఒకే గట్టిదనంలో పెట్టి వినమనండి. ఓజోన్ లాంటివాటిలో దానికి బొత్తామే ఉంటుంది. కొలిచేదానికి యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ అని ఒకటి ఊరికే దొరుకుతుంది. ఇట్లా సమం చేసి విన్నప్పుడు మా వాడు ముందు మెచ్చుకున్న రెండు సాఫ్ట్‌వేర్లు ఓడిపోయినాయి.

వెడల్పు దగ్గర కూడా జాగ్రత్త. హెడ్‌ఫోన్‌లో కుడి ఎడమలకు పరిచిన హార్మోనియం గుడి హారన్ స్పీకర్లో వేస్తే పల్చబడిపోయింది. హారన్‌లో రెండు పక్కలూ కలిసి ఒకటే అవుతాయి, మరీ విడదీసి పరిచినవి కలిసేటప్పుడు ఒకదాన్నొకటి తినేస్తాయంట. మన పాటలు చివరికి వినబడేది హారన్‌లో, ఆటోలో, సెల్‌ఫోన్‌లో. మోనో అనే బొత్తాం నొక్కి కూడా వినమనండి.

ఇంక డబ్బు సంగతి. కొన్ని ఒక్కసారి కొంటే మనవే. కొన్ని నెల నెలా బాడుగ, కట్టడం ఆపితే ఆగిపోతాయి. కొనే ముందు ఇది ఏ రకమో ఖచ్చితంగా అడగండి. వేవ్స్ అనే పేరున్న కంపెనీ 2023 మార్చిలో ఒక్కసారిగా ఇకనుంచి అంతా బాడుగే అని చెప్పింది. వాడేవాళ్లు అంత గొడవ చేసినారు, కొన్ని రోజుల్లోనే సొంతానికి అమ్మడం మళ్లీ తెచ్చింది. గుంపుగా అడిగితే ఎంతటి కంపెనీ అయినా దిగుతుందని మనకు కొత్తగా చెప్పాలా! నా మట్టుకు నెల నెలా జీతం రాని ఇంటికి బాడుగ సాఫ్ట్‌వేర్ వద్దు. రేటు చాలావాటికి డాలర్లలో ఉంటుంది, దానిమీద పన్ను పడుతుంది, అదీ లెక్కేసుకోండి. నవంబరు చివర్లో చాలా కంపెనీలు రేట్లు బాగా దించుతాయి, అంతదాకా ట్రయల్‌తో గడపమనండి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ 60 రోజులు ఊరికే చూడొచ్చు, సొంత వాడకానికి 60 డాలర్లు. ఈక్వలైజర్, కంప్రెసర్, లిమిటర్ దాంట్లోనే ఉంటాయి. ఒక్కొక్కటి తగిలించుకుంటూ నేర్చుకునే ఓపిక ఉన్నోడికి ఆల్ ఇన్ వన్ కంటే అదే మేలని నేనంటాను.

దొంగ కాపీలు మాత్రం వద్దు. మన లైన్లోనే ఒక అబ్బాయి ఎక్కడో ఊరికే దొరికిందని వేసుకున్నాడు. దాంతో వచ్చిన వైరస్ ఏడాది పాటలన్నిటికీ తాళం వేసేసింది. ఎస్.పీ. రోడ్డులో కంప్యూటర్ బాగుచేసేవాళ్ల చుట్టూ వారం తిరిగినాడు, మిషన్ వచ్చింది గానీ పాటలు రాలేదు.

ఇంటికి వచ్చి అడిగిన ఆమెకు నేను చెప్పింది వేరు. ఆమె కొడుకు పాటలు విన్నాను, మా ఇంటామె చేత కూడా వినిపించినాను. గది గోడలు కొట్టిన శబ్దమంతా గొంతులో ఉంది. పోగు తెగిన తానును క్యాలెండర్ ఎంత ఒత్తినా ఆ సందు సందే. సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టు తల్లీ, ముందు మిల్లు కంబళ్లు రెండు మైకు వెనకా, పాడేవాని వెనకా వేలాడదీయమను అన్నాను. అవి ఇంకా మనలో చాలా ఇళ్లల్లో ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి, చలికి ఎట్లా ఆపేవో మోతనూ అట్లాగే ఆపుతాయి.

ఇంకొక్క మాట. మిల్లులో నేసినోడే తన తానును పాస్ చేసుకునేది ఎప్పుడన్నా ఉండిందా? ఫోల్డింగ్‌లో వేరే కన్ను చూసేది, తప్పుంటే సెకండ్సులో వేసేది. మనకు కోపం వచ్చేది, అయినా అదే పద్ధతి. ఎ.ఆర్. రెహమాన్ కోడంబాక్కంలో ఇంటి పెరట్లోనే పంచతన్ స్టూడియో కట్టుకున్నాడు, 1992లో 'రోజా' పాటలు అక్కడినుంచే వచ్చినాయి. అంతటివాడి ఇంటి స్టూడియోలోనూ ఎచ్. శ్రీధర్ అనే సౌండ్ ఇంజనీర్ చెవి వేరేగా ఉండేది. ఒకే పిల్లోడు పాడి, కలిపి, ఆఖరికి ఫినిషింగ్ కూడా బొత్తాం నొక్కి అయిందంటే, ఆ రెండో చెవి ఎవరిదో అడగండి. అక్కదైనా సరే, పక్కింటి ఆమెదైనా సరే.

క్యాసెట్ పాటలు తొమ్మిది తయారైనాయి. మా వాడు ఓజోన్‌లో కింది మెట్టుదే చాలని తేల్చుకున్నాడు, నవంబరుకు కొంటాడు. అంతలోపల ఎవరైనా తమవాళ్ల గొంతు కావాలంటే పెన్‌డ్రైవ్ తీసుకుని ఏ ఆదివారమైనా సాయంత్రం రండి. మీ దగ్గర ఆ కాలపు క్యాసెట్లు ఇంకేమైనా ఉంటే తీసుకురండి, టేపు అంటుకుపోయి ఉంటే ప్లేయర్‌లో వేయకుండా అట్లాగే తెండి.