ముప్పై అయిదు మార్కుల కోసమేనా ఇంగ్లీష్?



మీ ఇంట్లో పదో తరగతి చదువుతున్న తమ్ముడున్నాడా? మీ ఊరి నుంచి హైస్కూలుకి కొండ దిగి వెళ్ళే చెల్లెళ్ళున్నారా? అయితే ఈ నాలుగు మాటలు మీకోసమే. ప్రభుత్వాన్ని అడగాల్సింది చాలా ఉంది, అదీ చెప్తాను. ముందు మన సంగతి మాట్లాడుకుందాం.

శివరాత్రికి పుణ్యగిరి జాతరలో మా ఊరి కుర్రాడొకడు కలిసాడు. శృంగవరపుకోట చుట్టుపక్కల కొండ ఊళ్ళ వాళ్ళం ఆ రోజు చాలామంది అక్కడే కదా. వాడిది పదో తరగతి. పరీక్షలకి ఇంకా నెల రోజులు కూడా లేవు.

"ఎలా చదువుతున్నావురా?" అన్నాను.

"మిగతావి పరవాలేదన్నియ్యా. ఇంగ్లీషే బుర్రకెక్కట్లేదు."

"ఇంకా రోజులున్నాయి కదా. కూకుంటే వచ్చేస్తాది."

వాడు నవ్వాడు. "వచ్చి ఏటి సేస్తాదన్నియ్యా? పాసైనా జీడితోటే, ఫెయిలైనా జీడితోటే. విశాఖపట్నం పనికెళ్తే మేస్త్రీ ఇంగ్లీషడుగుతాడేటి?"

నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే వాడు బద్ధకంతో అనలేదు, లెక్కేసుకుని అన్నాడు. ఆ లెక్క తప్పని చూపించకుండా "బాగా చదువుకో నాన్నా" అని భుజం తట్టి వచ్చేస్తే ఆ మాటకి విలువేముంది?

ఏడాది చివర్లో పిల్లలకి చదువు మీద ఆసక్తి పోతుందని అందరూ అంటారు. ఎందుకు పోతుందో చూసేవాళ్ళు తక్కువ. మనం చూద్దాం.

పదో తరగతి పరీక్షలు మార్చిలో వస్తాయి. కొండ మీద అవి ఏ నెలలు? చింతపండు దించే నెలలు. ఇప్పపువ్వు ఏరే నెలలు. జీడిపిక్కలు రాలడం మొదలయ్యే నెలలు. ఇంట్లో నాలుగు డబ్బులు కనపడేది అప్పుడే. పిల్లాడు హాస్టల్లో ఉన్నా మనసంతా ఇంటి దగ్గరే. "అమ్మ ఒక్కతే ఏరుకుంటోంది" అన్న బెంగ పుస్తకం తెరవనివ్వదు. ఆడపిల్లకయితే ఇంకో భయం. వేసవి వస్తే పెళ్ళి మాటలు మొదలవుతాయి. ఒక్క సబ్జెక్టు పోయినా, సప్లిమెంటరీ రాసేలోపే సంబంధం చూసేసే ఇళ్ళు మన ఊళ్ళల్లో లేవా?

ఇక బడిలో చూడండి. డిసెంబరు వస్తే వంద రోజుల ప్రణాళిక. పొద్దున్న క్లాసు, సాయంత్రం క్లాసు, ఆదివారం క్లాసు, రోజూ స్లిప్ టెస్టు. వెనకబడ్డ పిల్లలకి "ఇది బట్టీ పట్టు, పాసైపోతావ్" అని నాలుగు కాగితాలు. ఒక లెటరు, ఒక పేరా, కొన్ని బిట్లు. నేను టీచర్లని తప్పు పట్టట్లేదు. పైనుంచి వాళ్ళ మీదా ఒత్తిడి ఉంటుంది, ఉత్తీర్ణత శాతం తగ్గితే సంజాయిషీ వాళ్ళే ఇవ్వాలి. కానీ ఆ నాలుగు కాగితాలు పిల్లాడికి ఏం చెప్తున్నాయి? "ఇంగ్లీష్ నీది కాదు. ముప్పై అయిదు దాటేసి వదిలించుకో" అని చెప్తున్నాయి. వదిలించుకోవాల్సిన దాని మీద ఎవరికైనా ఆసక్తి ఎలా ఉంటుంది?

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల సంగతి ఇంకా అన్యాయం. మార్చి సగం నుంచి ఒంటిపూట బడి. టీచర్లలో కొందరు పదో తరగతి పరీక్షల డ్యూటీకి, ఆ తర్వాత స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళిపోతారు. అంటే వచ్చే ఏడాది పదో తరగతి రాయాల్సిన పిల్లలు ఈ ఏడాది చివరి నెలంతా చాలా చోట్ల ఊరికే కూర్చుంటారు.

ఇంకో మాట. మన పిల్లలకి ఇంగ్లీష్ రెండో భాష కాదు, మూడోది. ఇంట్లో కువి మాట్లాడేవాళ్ళున్నారు, సవర మాట్లాడేవాళ్ళున్నారు. ఇంట్లో తెలుగే అయినా, అది పుస్తకంలో ఉండే తెలుగు కాదు. బడిలో మొదట ఆ పుస్తకం తెలుగు నేర్చుకోవాలి, ఆ తర్వాత ఇంగ్లీష్. పైగా ఇప్పుడు ఇంగ్లీష్ ఒక్క సబ్జెక్టు కాదు. 2025 మార్చిలో మన రాష్ట్రంలో పదో తరగతి ఇంగ్లీష్ మీడియంలో రాసినవాళ్ళు అయిదున్నర లక్షలు దాటారు, తెలుగు మీడియంలో సుమారు 51 వేల మందే. అంటే సైన్సూ ఇంగ్లీషే, సోషలూ ఇంగ్లీషే. ఇంగ్లీష్ మీద మనసు విరిగితే ఒక పేపరు కాదు, దాదాపు చదువంతా విరిగిపోతుంది.

మరి ఏం చెయ్యాలి? నాకు తోచింది ఒక్కటే. చివరి నలభై రోజుల్లో ఇంగ్లీష్‌తో పిల్లాడి సొంత పని ఒకటి జరగాలి. పరీక్ష తర్వాత ఎప్పుడో వచ్చే ఉద్యోగం కాదు, ఇప్పుడు, వాడి చేతుల మీదుగా. అది చూపించాల్సింది మొదట మనమే. వాడికి కలెక్టరూ తెలీదు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరూ తెలీదు. మనం తెలుసు.

ఉదాహరణకి, ఇప్పుడున్న పదో తరగతి ఇంగ్లీష్ పుస్తకంలో మొదటి పాఠం 'ఎ లెటర్ టు గాడ్'. మెక్సికో కథ. లెంచో అనే రైతు, లోయ మొత్తానికి ఒకే ఒక్క ఇల్లు, అదీ చిన్న కొండ మీద. వాన కోసం ఎదురు చూస్తే వడగళ్ళు పడి పంటంతా పోతుంది. వంద పెసోలు పంపమని దేవుడికి ఉత్తరం రాస్తాడు. పోస్టాఫీసు వాళ్ళు జాలిపడి చందాలేసుకుని డెబ్భై పంపిస్తారు. లెంచో లెక్కపెట్టుకుని, మిగతా ముప్పై పోస్టాఫీసు దొంగలే కొట్టేసారని దేవుడికి మళ్ళీ రాస్తాడు!

ఈ కథ మన పిల్లలకి అర్థం కాదా? పట్నం పిల్లాడికన్నా మన పిల్లాడికే ముందు అర్థమవుతుంది. పంట పోతే ఇల్లెలా ఉంటుందో వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ పరీక్షల హడావుడిలో పిల్లలు దీన్ని ప్రశ్న-జవాబుగానే చదువుతారు.

మీరు ఒక ఆదివారం వాడి పక్కన కూర్చుని, కథ మన మాటల్లో చెప్పండి. చెప్పాక ఇలా అడగండి. "లెంచో దేవుడికి రాసాడు. మరి మన ఊరికి రోడ్డు లేదు, నువ్వెవరికి రాస్తావ్?" దారపర్తి లాంటి పంచాయతీల్లో కొండ మీద ఊళ్ళ నుంచి రోగుల్ని డోలీల్లో మోసుకొచ్చిన సంగతి మన పిల్లలకి కొత్త కాదు. కొందరు ఆ డోలీ పట్టినవాళ్ళే. అది రాయమనండి. అయిదు వాక్యాలు చాలు. "అవర్ విలేజ్ హాజ్ నో రోడ్" అన్న ఒక్క వాక్యంతో మొదలుపెట్టించండి. తప్పులొస్తే రానివ్వండి.

ఇది పరీక్షకి పనికిరాని పని కాదు. ఇంగ్లీష్ పేపర్లో చదివి అర్థం చేసుకునేదానికి 30 మార్కులు, వ్యాకరణానికి, పదాలకి 40, సొంతంగా రాసేదానికి 30. గైడులో ఉన్న విహారయాత్ర ఉత్తరం బట్టీ పడితే ప్రశ్న మారిన రోజు పిల్లాడు చేతులెత్తేస్తాడు. తన ఊరి గురించి తను రాసినవాడు ఏ ఉత్తరమైనా ఎంతో కొంత రాస్తాడు.

కలెక్టర్ గారికి సోమవారం ఇచ్చే అర్జీ తెలుగులో రాసినా చాలు కదా అంటారు. నిజమే, చాలు. కానీ హైకోర్టు తీర్పు ఇంగ్లీష్‌లో వస్తుంది. ఢిల్లీలో మంత్రిత్వ శాఖకి, జాతీయ షెడ్యూల్డ్ తెగల కమిషన్‌కి రాసేటప్పుడు ఇంగ్లీష్ పనికొస్తుంది. శృంగవరపుకోట కొండ ఊళ్ళు ఆదివాసీ ఊళ్ళే అయినా షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు. అందుకే మనకి 1/70 చట్టం రక్షణ లేదు, పెసా లేదు. ఎందుకు లేదో రాజ్యాంగం అయిదో షెడ్యూల్ ఆరో పేరాలో ఉంది. రాష్ట్రపతి ఉత్తర్వుతో ప్రకటించినవే షెడ్యూల్డ్ ప్రాంతాలని ఆ పేరా చెప్తుంది. ఆ మొదటి వాక్యం పదో తరగతి పిల్లాడు డిక్షనరీ పెట్టుకుని చదవగలడు. తన ఊరి తలరాత ఆ వాక్యంలో ఉందని తెలిసిన పిల్లాడు "ఇంగ్లీష్ వచ్చి ఏటి సేస్తాది" అని మళ్ళీ అడగడు.

1946 డిసెంబరు 19న జైపాల్ సింగ్ ముండా రాజ్యాంగ సభలో ఆదివాసీల తరఫున లేచి మాట్లాడింది ఇంగ్లీష్‌లోనే. ఆయన 1928 ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన హాకీ జట్టుకి కెప్టెన్, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్న ముండా బిడ్డ. ఆ భాష నేర్చుకుని తన జాతిని మర్చిపోలేదు. తన జాతి మాట అందరూ వినేలా చెప్పాడు.

ఇంగ్లీష్ వస్తే మన భాష పోతుందన్న భయం కూడా కొందరికి ఉంది. ఆ భయం ఉత్తిది కాదు. కానీ మన శ్రీకాకుళం గడ్డ మీద పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారిని చూడండి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని ఆయన ఫొటోకి దండ వేస్తారు. ఆయన పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించాలని బడులు పెట్టించారని ఆ రోజు చెప్పేవాళ్ళు తక్కువ. సవర భాషకి వ్యాకరణం ఆయన ఇంగ్లీష్‌లోనే రాసారు, 1931లో అచ్చయింది. ఇంట్లో భాషని తోసేస్తేనే ఇంగ్లీష్ వస్తుందన్నది అబద్ధం. అర్థం ఇంటి భాషలో తెలిస్తేనే ఇంగ్లీష్ నిలుస్తుంది.

ఇప్పుడు ప్రభుత్వాన్ని అడగాల్సింది. 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో 240 బడుల్లో మాతృభాషా చదువు మొదలుపెట్టారు. అది ప్రతి ఆదివాసీ పిల్లాడికీ అందేలా పెంచాల్సింది, పెంచలేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో నంబరు 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. షెడ్యూల్‌లో లేని మన కొండలకి ఆ జీవో మొదటి నుంచీ లేదు. పిల్లాడి ఇంటి భాష తెలిసిన టీచరు కావాలని అడగడం దయ అడగడం కాదు. ఒక్క సబ్జెక్టు పోయిన పిల్లలకి సప్లిమెంటరీ దాకా హాస్టల్, భోజనం, క్లాసు కావాలి. ఎనిమిది, తొమ్మిది తరగతులకి ఏడాది చివరి రోజు దాకా పాఠం జరగాలి. ఇవి అడుగుదాం, గట్టిగా అడుగుదాం. కానీ అవి వచ్చేదాకా ఈ ఏటి పిల్లలు ఆగరు. మార్చి ఆగదు.

అందుకే ఇంటర్ చదివినవాళ్ళు, డిగ్రీ చదివినవాళ్ళు, ఫెయిలై మళ్ళీ రాసి పాసైనవాళ్ళు, మీ అందరికీ నా మాట ఇది.

వారానికి ఒక్క పూట ఊళ్ళో కూర్చోండి. ముందు మీరు ఎన్ని మార్కులతో గట్టెక్కారో, ఎక్కడ ఏడ్చారో దాచకుండా చెప్పండి. రోజుకి అయిదు మాటలు వాడి పనిలోంచే ఇవ్వండి. జీడిపిక్క, చింతపండు, అడవి, భూమి, కూలి. మందు డబ్బా మీద రాసింది చదివించండి, బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్ చదివించండి. ఉత్తరం వాడిచేతే రాయించండి, నిజంగా పంపించండి. అమ్మా నాన్నలతో మాట్లాడి, పరీక్షలయ్యేదాకా పిక్కలేరడానికి వాడి బదులు మీరో ఇంకొకరో వెళ్తామని ఒప్పించండి. ఫెయిలైన ఇంటికి ఫలితాలొచ్చిన రోజే వెళ్ళండి. "ఇంకా సప్లిమెంటరీ ఉంది, ఫీజు కట్టే తేదీ ఇది" అని చెప్పండి. ఆ రోజు మనం వెళ్ళకపోతే పెళ్ళిళ్ళ పేరయ్యో మేస్త్రీయో వెళ్తాడు.

బాగా చదివే పిల్లలకి ముందున్న దారి కూడా చూపించండి. శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కుల మీదే సీటిస్తారు, ప్రభుత్వ బడి పిల్లలకి కొంత కలుపుతారు కూడా. కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మన విజయనగరం జిల్లాలోనే ఉంది. మన పేరు మీద పెట్టిన యూనివర్సిటీలో మన కొండల పిల్లలు లేకపోతే ఎవరి కోసం అది?

శివరాత్రి తర్వాతి ఆదివారం నేను ఆ కుర్రాడి ఇంటికెళ్ళాను. లెంచో కథ చెప్తే వాళ్ళ నాయనమ్మ కూడా వచ్చి కూర్చుంది. "ఆ పోస్టాఫీసోళ్ళని దొంగలన్నాడా!" అని పడి పడి నవ్వింది. వాడు రోడ్డు గురించి ఆరు వాక్యాలు రాసాడు. నాలుగింట్లో తప్పులున్నాయి. అయినా ఆ కాగితం వాడు నాకివ్వలేదు. సరిచేసి తనే కవర్లో పెడతానన్నాడు.

వాడు పాసవుతాడో లేదో నేను చెప్పలేను. కానీ ఆ రోజు వాడు "వచ్చి ఏటి సేస్తాది" అనలేదు. "దీనికి జవాబొస్తాదా అన్నియ్యా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబు వచ్చేలా చూడటం మనందరి పని.

వచ్చే ఆదివారం మీరు ఎవరి ఇంటికి వెళ్తున్నారు?

జై ఆదివాసీ!