జులైలో చూసి... జనవరిలో ఉండాలి!

పచ్చటి పచ్చిక, ఇంటిముందు మేపుల్ చెట్టు నీడ, కిటికీలోంచి వచ్చే చల్లటి గాలి. అమెరికాలోని మిన్నెసోటాలోనో షికాగో శివార్లలోనో జులై నెలలో ఇల్లు చూడబోయే తెలుగు కుటుంబానికి కనిపించే దృశ్యమిది. పిల్లలకు సెలవులు కాబట్టి ఇళ్ల వేట ఎక్కువగా వేసవిలోనే సాగుతుంది. కొడుకు ఫోనులో ఇల్లంతా తిప్పి చూపిస్తుంటే ఇక్కడ గుంటూరులోనో కరీంనగర్‌లోనో అమ్మానాన్నలు కళ్లద్దాలు సవరించుకుని చూస్తుంటారు.

''తూర్పు ముఖమేనా నాన్నా?''

''ఈశాన్యంలో దేవుడికి కాస్త చోటుందా?''

''పొయ్యి ఆగ్నేయంలోనే ఉందిగా?''

అన్నీ కుదిరాయి. ఇంకేముంది, బయానా ఇచ్చేస్తారు.

ఆర్నెల్లు తిరిగేసరికి జనవరి వస్తుంది. బయట మైనస్ ఇరవై డిగ్రీలు. పడగ్గది పైకప్పు మూల గోధుమరంగు తడి మరక. మనవణ్ని చూసుకోవడానికి వెళ్లిన పెద్దావిడ గ్యారేజీ మీది గదిలో రెండు రగ్గులు కప్పుకున్నా వణుకుతూనే ఉంటుంది. గ్యాస్ బిల్లు చూసి కొడుక్కి చెమటలు. ఇల్లు అదే, మారింది కాలమే. ఎన్నో కుటుంబాలకు అనుభవమైన కథే ఇది. జీవితకాలపు పొదుపు పోసి, ముప్పయ్యేళ్ల అప్పు నెత్తికెత్తుకుని కొన్న ఇంటిని, కొనేముందు ఒక్క ప్రశ్న కూడా జనవరి గురించి అడక్కపోవడం వల్ల వచ్చిన చిక్కు.

మన దగ్గర ఇల్లు కొనేవాళ్లు మంచినీళ్లు, బోరు, రోడ్డు వెడల్పు, గాలీ వెలుతురూ అడుగుతారు. అక్కడ ముందు అడగాల్సింది చలి సంగతి. మినియాపోలిస్‌లో జనవరి రాత్రుల సగటు ఉష్ణోగ్రతే మైనస్ 13 డిగ్రీల దగ్గర ఉంటుంది. 2019 జనవరి 30న అది మైనస్ 33కు పడిపోయింది. అందుకే చూసేది జులైలోనే అయినా, అడిగే ప్రశ్నలు మాత్రం జనవరివి కావాలి.

అటక మీద ఏముంది?

ఇల్లు చూడ్డానికి వెళ్లినవాళ్లు హాలు చూస్తారు, వంటిల్లు చూస్తారు. పైకప్పు కింద ఉండే అటక జోలికి మాత్రం వెళ్లరు. చలి ప్రాంతాల్లో ఇంటి ఆరోగ్యం తెలిసేది అక్కడే. గదుల్లోని వేడి పైకి పోకుండా అటక నేలమీద దూదిలాంటి ఇన్సులేషన్ పరుస్తారు. దాని సామర్థ్యాన్ని 'ఆర్' విలువతో కొలుస్తారు. చలి రాష్ట్రాల్లో అటకకు ఆర్-49 నుంచి ఆర్-60 దాకా ఉండాలంటారు. అంటే సుమారు అడుగు మందం దాటి, ఒక్కోసారి అడుగున్నర దాకా ఉండాలన్నమాట. పాత ఇళ్లలో చాలాచోట్ల నాలుగైదు అంగుళాలే ఉంటుంది.

అది పలచగా ఉంటే బిల్లు పెరగడం ఒక్కటే కాదు నష్టం. ఇంట్లోని వేడి అటకలోకి చేరి పైకప్పు మీది మంచును కరిగిస్తుంది. ఆ నీరు చూరు దాకా జారి, అక్కడి చలికి మళ్లీ గడ్డకట్టి చిన్న ఆనకట్టలా నిలుస్తుంది. వెనక వచ్చే నీటికి దారి లేక పెంకుల కిందికి దూరి గదిలోకి కారుతుంది. 'ఐస్ డ్యామ్' అనేది దీన్నే. ఫొటోల్లో ముచ్చటగా కనిపించే, చూరు నుంచి వేలాడే లావుపాటి మంచు ఊడలు నిజానికి ఈ జబ్బుకు తొలి లక్షణం. కాబట్టి ఇల్లు అమ్మేవారిని చలికాలంలో తీసిన ఇంటి ఫొటో ఒకటి చూపించమనాలి. పైకప్పు వేసి ఎన్నేళ్లయిందో, చలికాలంలో ఎప్పుడైనా కారిందో అడగాలి. గది మొత్తం పాత రంగులో ఉండి బయటి గోడ పక్కన ఒక్క మూల మాత్రం కొత్త రంగు కనిపిస్తే ఎందుకేశారని ఆరా తీయాలి.

ఫర్నేస్ వయసెంత?

ఇంటిని వేడిచేసే ఫర్నేస్ మామూలుగా పదిహేను, ఇరవయ్యేళ్లు పనిచేస్తుంది. దానిమీద అతికించిన చీటీలో తయారైన సంవత్సరం దొరుకుతుంది. పద్దెనిమిదేళ్లదైతే కొత్తదానికయ్యే వేలాది డాలర్లు కూడా ఇంటి ధరలో కలిపి లెక్కేసుకోవాల్సిందే. సామర్థ్యం ఎంతో కూడా చూడాలి. 80 శాతం ఫర్నేస్‌లో వంద డాలర్ల గ్యాస్ మండితే ఇరవై డాలర్లు పొగగొట్టం పాలు. 95 శాతం దానిలో పోయేది అయిదే.

ఏ ఇంధనంతో నడుస్తుందన్నది మరో ప్రశ్న. ఊరి గ్యాస్ పైపులైను ఉందా? ట్యాంకులో నింపుకోవాల్సిన ప్రొపేనా, నూనెనా? లేక కరెంటా? నెలనెలా ఖర్చు దీన్నిబట్టే ఉంటుంది. గత పన్నెండు నెలల బిల్లులు చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఇక్కడో కిటుకుంది. ఏడాది ఖర్చును పన్నెండు సమాన వాయిదాలు చేసి కట్టే సదుపాయం చాలామంది వాడుకుంటారు. ఆ కాగితం చూస్తే జనవరి, జులై ఒకేలా కనిపిస్తాయి. అందుకే డాలర్లు కాదు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో కాల్చిన గ్యాస్ ఎంతో చూడాలి. జులై ఎండలోనైనా సరే, ఫర్నేస్‌ను పది నిమిషాలు నడిపించి ప్రతి గదిలోనూ వేడిగాలి వస్తోందో లేదో చేయిపెట్టి చూడాలి. ముఖ్యంగా గ్యారేజీ మీది గదిలో. కింద వేడి లేని గ్యారేజీ ఉంటుంది కాబట్టి ఇంట్లో అన్నిటికన్నా చల్లబడే గది చాలాసార్లు అదే. పెద్దవాళ్లకో పసివాళ్లకో ఆ గది ఇవ్వాలనుకుంటే ఈ పరీక్ష తప్పదు.

సంక్రాంతికి ఊరెళితే...

నీరు గడ్డకడితే ఉబ్బుతుంది, పైపు పగులుతుంది. కరిగాక ఇల్లంతా చెరువే. బయటి గోడ వెంట వెళ్లే వంటింటి పైపులు, పెరటి కొళాయి ఎక్కువ ప్రమాదంలో ఉంటాయి. ఎప్పుడైనా గడ్డకట్టాయా, ఏ గోడలో కట్టాయి, నీళ్లన్నీ ఒకేసారి ఆపే వాల్వు ఎక్కడుంది... ఈ మూడూ అడిగి తీరాలి.

తెలుగువాళ్లకు ఇది మరింత ముఖ్యం. డిసెంబరు, జనవరిలో చాలా కుటుంబాలు ఇల్లు తాళంపెట్టి సంక్రాంతికి ఊరొస్తాయి. ఖర్చు కలిసొస్తుందని హీటింగ్ ఆపేసి వచ్చారో, తిరిగి వెళ్లేసరికి పైకప్పు నుంచి నేలదాకా నీళ్లే. ఇంట్లో వేడి ఉంచలేదని, నీళ్లు కట్టేయలేదని తేలితే బీమా కంపెనీ పరిహారం నిరాకరించవచ్చు. థర్మోస్టాట్ 13 డిగ్రీల సెల్సియస్, అంటే 55 ఫారన్‌హీట్‌కు తగ్గకుండా ఉంచి, నీళ్లు ఆపి బయల్దేరడం క్షేమం.

'మాది డాలస్, మాకీ బాధ లేదు' అనుకోవడానికీ లేదు. 2021 ఫిబ్రవరి చలిగాలులకు టెక్సాస్‌లో నలభై లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. అంత చలిని తట్టుకునేలా కట్టని ఇళ్లలో పైపులు వరసగా పగిలాయి.

బేస్‌మెంట్‌లో ముక్కుకు పని

నేల లోతుదాకా గడ్డకట్టే చోట పునాదిని ఇంకా కిందికి దించాలి. మిన్నెసోటా నిబంధనల ప్రకారం దక్షిణ జిల్లాల్లో 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాలు. అంత లోతు ఎలాగూ తవ్వుతారు కాబట్టి అక్కడ చాలా ఇళ్లకు బేస్‌మెంట్ ఉంటుంది. మనవాళ్లు హోమ్ థియేటర్ పెట్టేది, వచ్చిన చుట్టాలను పడుకోబెట్టేది అక్కడే. మంచు కరిగే మార్చి, ఏప్రిల్‌లో నీరు ఊరేదీ అక్కడే. మెట్లు దిగగానే ముక్క వాసన వస్తోందా? గోడమీద ఉప్పు పేరినట్టు తెల్లటి పొడి ఉందా? ఊరిన నీటిని బయటికి తోసే సంప్ పంపు పనిచేస్తోందా? కరెంటు పోతే దానికి బ్యాటరీ ఉందా?

కంటికీ ముక్కుకూ అందనిది ఇంకొకటుంది. నేలలోంచి వచ్చే రేడాన్ వాయువు. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తర్వాత ప్రధాన కారణం ఇదే. తలుపులన్నీ మూసుకునే చలికాలంలో ఇళ్లలో దీని మోతాదు సాధారణంగా పెరుగుతుంది. లీటరు గాలికి 4 పికోక్యూరీలు, అంతకుమించి ఉంటే సరిచేయించుకోవాలని అక్కడి పర్యావరణ సంస్థ చెబుతోంది. గతంలో పరీక్షలు చేయించి ఉంటే ఆ ఫలితాలను అమ్మేవారు రాతపూర్వకంగా చెప్పాలని మిన్నెసోటాలో 2014 నుంచి చట్టం ఉంది. కానీ పరీక్ష చేయించి తీరాలని మాత్రం లేదు. కాబట్టి కొనేవారే అడిగి చేయించుకోవాలి. ఉన్నట్టు తేలినా కంగారక్కర్లేదు. గొట్టం, ఫ్యాను పెట్టి ఆ వాయువును ఇంటిపైకి పంపించే ఏర్పాటుంది.

మంచు ఎవరు తీస్తారు?

మన దగ్గర మూల స్థలానికి గిరాకీ. అక్కడ మూల ఇల్లంటే రెండు వైపులా కాలిబాట, రెండింతల మంచు. మినియాపోలిస్‌లో మంచు కురవడం ఆగిన 24 గంటల్లోగా ఇంటి ముందు కాలిబాట శుభ్రం చేయాల్సింది ఇంటివాళ్లే. టౌన్‌హోమ్ అయితే ఆ పని సంఘానిదో, మనదో, నెల రుసుములో కలిసిందో లేదో కాగితంలో చూసుకోవాలి.

వాస్తు ఎవరి నమ్మకం వాళ్లది. అయితే దిక్కు చూసేటప్పుడు సూర్యుణ్ని కూడా లెక్కలోకి తీసుకుంటే మేలు. డిసెంబరు 21న మధ్యాహ్నం హైదరాబాద్‌లో సూర్యుడు 49 డిగ్రీల ఎత్తున ఉంటే మినియాపోలిస్‌లో 22 డిగ్రీలు కూడా ఎక్కడు. ఉత్తరం వైపున్న వాకిలి మీద రోజంతా ఇంటి నీడే. అక్కడ గడ్డకట్టిన మంచు వారాల తరబడి కరగదు. దక్షిణం వైపు వాకిలి ఎండ తగలగానే ఆరిపోతుంది. ఉత్తర ముఖమే కావాలనుకుంటే వాకిలి ఏటవాలుగా లేకుండా, మెట్లకు పట్టుకునే కమ్మీ ఉండేలా చూసుకోవాలి. డెబ్బయ్యేళ్ల తండ్రి ఆ మంచు మీద ఒక్కసారి జారితే తుంటి ఎముకకే ముప్పు.

తాలింపు పొగ ఎటు పోతుంది?

ఈ ప్రశ్న ఏ ఏజెంటూ గుర్తుచేయడు. పొయ్యి మీది ఫ్యాను పొగను బయటికి పంపుతుందా, జల్లెడపట్టి మళ్లీ ఇంట్లోకే వదులుతుందా? అక్కడ చాలా ఇళ్లలో రెండోదే. అయిదు నెలలు కిటికీ తెరవలేని ఇంట్లో తాలింపు ఘాటు పడగ్గది దుప్పట్లకూ పడుతుంది. అన్నం, పప్పు ఉడికిన ఆవిరి చల్లటి అద్దాలమీద నీరై కారి కిటికీ చెక్కకు బూజు పట్టిస్తుంది. కిటికీలకు రెండు పొరల అద్దాలున్నాయా, పొరల మధ్య మసక ఉందా అని చూడాలి. మసక ఉంటే ఆ అద్దం పాడైనట్టే. గ్యాస్ మండే ఇల్లు కాబట్టి పడగ్గదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

ఇవన్నీ చూసిపెట్టడానికి ఇన్‌స్పెక్టర్లుంటారు. 2021, 2022ల్లో ఇళ్లకు పోటీ పెరిగినప్పుడు తనిఖీ వద్దని సంతకం పెట్టి కొన్నవాళ్లు చాలామంది. కొన్ని వందల డాలర్లు మిగుల్చుకోబోయి వేలల్లో వదిలించుకున్నవాళ్లూ అందులో ఉన్నారు. తనిఖీ వదులుకోకూడదు.

చివరగా, పైసా ఖర్చు లేని పని ఒకటుంది. ఇల్లు చూసి వెళ్లిపోకుండా పక్కింటి తలుపు తట్టాలి. ''జనవరిలో ఇక్కడ ఎలా ఉంటుందండీ?'' అని అడగాలి. గాలి ఎటునుంచి కొడుతుందో, మంచు ఎవరి వాకిట్లో పేరుకుంటుందో, ఏ ఇంటి బేస్‌మెంట్‌లోకి నీళ్లొచ్చాయో ఏజెంటు చెప్పనివన్నీ వాళ్లు చెబుతారు. పొలం కొనేముందు గట్టు పక్క రైతును అడిగే అలవాటు మన ఊళ్లలో ఎప్పట్నుంచో ఉన్నదే. ఇల్లు ఏ దేశంలో కొన్నా అది పనికొస్తుంది.