రుషికొండ పేరు చెప్పి తెరచాప ఎత్తకండి

దుర్గ్ నుంచి విశాఖకు 2024 సెప్టెంబరులో వందే భారత్ మొదలయ్యాక భిలాయిలోని మా స్మృతి నగర్‌లో సముద్రం ముచ్చట్లు ఎక్కువయ్యాయి. పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నానికల్లా వైజాగ్. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో స్టీల్ ప్లాంటుకు వచ్చి స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు ఇప్పుడు సెలవులకు ఊరు చూసి రావడంతో తృప్తి పడటం లేదు, విండ్‌సర్ఫింగ్ నేర్చుకుంటామంటున్నారు. సంతోషమే. ఎక్కడ అని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు: రుషికొండ. అది బ్లూ ఫ్లాగ్ బీచ్ కదా, గాలి జోరుగా ఉంటుంది కదా, అలలు పెద్దవి కదా అంటారు. పెద్దవాళ్లు ఇంకో మాట కలుపుతారు: పొద్దుటిపూట సముద్రం నెమ్మదిగా ఉంటుంది, అప్పుడైతే భయం లేదు.

ఈ నాలుగు కారణాల్లో ఒక్కటీ నిలవదు. చివరిదైతే ప్రాణాంతకం.

ముందు ఆ చివరిదే చూద్దాం. రాత్రంతా నేల చల్లబడుతుంది, సముద్రం అంతగా చల్లబడదు. అందుకే తెల్లవారుజామున గాలి ఒడ్డు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. ఒడ్డు దగ్గర నీళ్లమీద ముడత కూడా కనిపించదు. కొత్తగా బోర్డెక్కిన కుర్రాడికి అది చెరువులా అనిపిస్తుంది. కానీ ఒడ్డున చెట్లూ ఇళ్లూ అడ్డుండటం వల్ల అక్కడ నెమ్మదిగా తోచిన గాలి లోపలికి వెళ్లేకొద్దీ బలపడుతుంది. తెరచాప ఎత్తడం వచ్చి, గాలికి ఎదురు తిప్పుకోవడం ఇంకా రాని మనిషిని అది నేరుగా నడిసముద్రానికి తోలేస్తుంది. నీళ్లు నెమ్మదిగా ఉండటాన్ని భద్రత అనుకోవడం ఈతకు కొంతవరకు చెల్లుతుందేమో, తెరచాపకు చెల్లదు.

ప్లాంటులో గ్యాస్ ఉండే షాపుల్లో పనిచేసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. అక్కడ అడుగుపెట్టగానే కన్ను గాలి సంచి మీదికి పోతుంది: గాలి ఎటు వీస్తోంది, ఏదైనా అయితే ఎటు పరుగెత్తాలి? బీచ్‌లోనూ అడగాల్సినవి ఈ రెండే. గాలి ఒడ్డుకు ఏ కోణంలో తగులుతోంది, తాడు తెగినా స్తంభం విరిగినా నేను ఎక్కడ తేలతాను. ఒడ్డు వెంబడి వీస్తూ కాస్త ఒడ్డువైపు మొగ్గే గాలి అన్నిటికన్నా మంచిది. వెళ్లినంత సులువుగా తిరిగి రావచ్చు, పడిపోయినా ఒడ్డుకే చేరుస్తుంది. నేరుగా ఒడ్డుకు కొట్టే గాలి చంపదు గానీ, అలలు విరిగే చోటు దాటి బయటికి వెళ్లనివ్వదు.

ఇప్పుడు విశాఖ నుంచి భీమిలి దాకా ఉన్న తీరాన్ని మ్యాపులో చూడండి. అది నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది, సముద్రం ఆగ్నేయాన ఉంటుంది. అంటే నైరుతి రుతుపవనాల గాలి దాదాపు తీరం వెంబడే నడుస్తుంది. అది పడమరకు కాస్త తిరిగితే చాలు, ఒడ్డు నుంచి బయటికి తోసే గాలి అయిపోతుంది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా దక్షిణ, ఆగ్నేయాల నుంచి వచ్చే సముద్రపు గాలి దీన్ని ఒడ్డువైపు మళ్లిస్తుంది. మంచి గంటలు అవే. పైగా ఇది కొండల తీరం. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి లాంటి కొండ అడ్డొచ్చిన చోట గాలి తెగిపోయి, కొండ చాటున సుళ్లు తిరుగుతూ ఒక్క నిమిషం లేకుండా పోయి మరుక్షణం చెంపమీద కొట్టినట్టు వస్తుంది. ఫొటోలో కొండ వల్లనే బీచ్‌కు అందం. తెరచాప పట్టుకున్నవాడికి కష్టాలు కూడా దానివల్లనే.

బ్లూ ఫ్లాగ్ సంగతి. రుషికొండకు అది 2020లో వచ్చింది. నీటి నాణ్యత, పరిశుభ్రత, సౌకర్యాలు, స్నానాలకు దిగేవాళ్ల భద్రత చూసి ఇచ్చే గుర్తింపు అది. గాలిని ఎవరూ కొలవరు. జనం స్నానాలు చేసే చోటే బోర్డుకు పనికిరాని చోటు, ఎందుకంటే నాలుగు మీటర్లు దాటిన స్తంభం ఎవరి నెత్తిమీద పడుతుందో చెప్పలేం. లైఫ్‌గార్డులు ఉంటారంటారు. నిజమే, ఒడ్డున ఈదేవాళ్లను చూసుకోవడానికి. వేగం అందుకున్న బోర్డు రెండు నిమిషాల్లో కిలోమీటరు దాటేస్తుంది, వాళ్లు ఈల వేసేలోపు చూపు మేర దాటిపోతుంది. ఇంకొకటి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. సరిగ్గా పిల్లల సెలవులు. కొట్టుకుపోతే దారిలో ఎత్తుకునే పడవలు అప్పుడే తక్కువ.

గాలి జోరు, అలల ఎత్తు అన్నవి నేర్చినవాళ్ల సరదాలు. కొత్తవాళ్లకు పది నాట్ల లోపు గాలి, నడుము లోతు నీళ్లు, చదునైన ఉపరితలం చాలు. ఆ లెక్కన చూస్తే మన తీరంలో పర్యాటకులు తలవని కాకినాడ నాకు ఎక్కువ నచ్చుతుంది. గోదావరి మేట వేసిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ అలలను తన మీద కాసుకుంటుంది, వెనకాల అఖాతం లోతు తక్కువ. ఓడల కాలువకూ కోరింగ మడ అడవులకూ దూరంగా ఉండాలి, కాళ్లకు బురద అంటుతుంది. ఫొటోలు బాగా రావు. దానికేం చేస్తాం?

అసలు మొదటి పాఠానికి సముద్రమే కావాలన్న పట్టు దేనికి? ప్రపంచంలో పేరున్న విండ్‌సర్ఫింగ్ చోట్లలో అమెరికాలోని హుడ్ రివర్ ఒకటి. అది సముద్రానికి వంద మైళ్లకు పైగా దూరంలో, కొలంబియా నది ఒడ్డున ఉంది. వేసవిలో లోపలి ఎడారి వేడెక్కితే కొండల సందులోంచి గాలి లాక్కొస్తుంది. ఇటలీలో గార్డా సరస్సుకు జనం ఎగబడేదీ గాలి కోసమే. మన హైదరాబాదులో సెయిలింగ్ వీక్ జులైలో హుస్సేన్ సాగర్ మీద పెడతారు, వానాకాలపు గాలి కోసం. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సెయిలింగ్ రజతం తెచ్చిన నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్ అమ్మాయి, భోపాల్‌లో చెరువు మీద నేర్చుకుంది. అదే క్రీడల్లో విండ్‌సర్ఫింగ్‌లో ఇబాద్ అలీ కాంస్యం తెచ్చాడు. మనకు ధమ్‌తరి దగ్గర గంగ్రేల్ జలాశయం ఉంది. దానిమీద పిల్లలకు బోర్డులు, శిక్షకుడు, వెంట ఒక మోటారు పడవ ఏర్పాటు చేయమని ఎవరూ అడగరు, వైజాగ్ టికెట్లు మాత్రం ముందే బుక్ చేస్తారు.

టికెట్లు కొన్నవాళ్లకు ఒక్క మనవి. దిగగానే హోటల్‌వాళ్లను కాకుండా జాలరిపేటలో ఒక పెద్దాయన్ని కలవండి. ఈ పూట గాలి ఎటు తిరుగుతుంది, నీటి వాలు ఎటు లాగుతోంది అని అడగండి. ఆయన వద్దంటే ఆ రోజు బోర్డు దించకండి.