కంటి ఎత్తున కెమెరా

కెమెరా కొనదలచి అంగడికి పోయినవాడు మొట్టమొదట అడుగు ప్రశ్న "ఇందులో మెగాపిక్సెళ్ళెన్ని?" అనునది, రెండవది "దీనికంటె పెద్దది ఏది?" అనునది. ఈ రెంటికిని అంగడివాని యొద్ద సమాధానములు సిద్ధముగా నున్నవి గనుకను, సమాధానము పెరిగినకొలది వెలయు పెరుగును గనుకను, బేరము నిరాటంకముగా ముగియును. ఆ యంత్రము తాను తలపెట్టిన పనికి తగినదా కాదా అను విచారము మాత్రము డబ్బు చెల్లించి ఇల్లు చేరిన పిమ్మటగాని పుట్టదు. ఝరాసంగం నుండి జహీరాబాదు వరకు పెండ్లిండ్లకును జాతరలకును ఫోటోలు వీడియోలు తీసి నాలుగు రూకలు గడింపవలెనని తలచు యువకులకు, ఆ విచారమును అంగడికి పోకముందే చేసికొనుడని చెప్పుట ఈ వారపు నా ఉద్దేశము. ఇందులకు నాకు ఆధారము కంపెనీల ప్రకటనపత్రములు గావు. ఈ ప్రాంతమున, ఈ పొలముల గట్లమీదనే, బడిముఖ మెరుగని స్త్రీలు పాతికేండ్ల క్రిందట కెమెరా చేతబట్టి కనుగొనిన యొక సూత్రము.

పస్తాపూర్ కేంద్రముగా పేద స్త్రీల సంఘములతో 1983 నుండి పనిచేయుచున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, జొన్న, కొర్ర, సామ మొదలగు పాతపంటలను నిలిపిన సంస్థగా దేశమునకు పరిచితమే. దాని స్థాపకులలో నొకరును, అంతకుముందు దూరదర్శన్‌లో నిర్మాతగా నుండినవారును, 2023 మార్చిలో దివంగతులైనవారును అగు పి.వి. సతీశ్, 1990ల చివరిభాగమున సంఘములలోని కొందరు స్త్రీలకు వీడియో చిత్రీకరణము నేర్పించిరి. వారిలో పెక్కుమంది దళితులు, చిన్నకమతముల రైతులు, అక్షరములు రానివారు. 2002లో బీటీ పత్తికి మన దేశమున అనుమతి లభింపగా, వరంగల్ రైతుల చేలలో ఆ పంట యెట్లున్నదో వీరు పోయి చిత్రించి 2003లో ఒక చిత్రమును, మూడేండ్ల అనుభవమును గ్రుచ్చి 2005లో మరియొక చిత్రమును నిర్మించిరి. ఆ కాలపు వీడియో చట్రమున నుండు పిక్సెళ్ళు సుమారు నాలుగు లక్షలు. నేటి సామాన్యమైన డీఎస్‌ఎల్‌ఆర్ సెన్సరుమీద నుండునవి రెండు కోట్ల నలుబది లక్షలు. అయినను ఆ చిత్రములు విదేశములలో సైతము ప్రదర్శితములై వాదప్రతివాదములకు కారణమైనవి గనుక, వాని బలము పిక్సెళ్ళలో లేదని చెప్పుటకు వేరు సాక్ష్యము పనిలేదు.

మరి యెందున్నది? వారు షాటులను విభజించుకొనిన తీరు చూచినచో తెలియును. మీదినుండి క్రిందికి చూచునది పటేల్ షాటు. క్రిందనుండి పైకి చూచునది బానిస షాటు. చూచువారును చూడబడువారును ఒకే యెత్తున నుండునది సంఘం షాటు. చలనచిత్ర విద్యాలయములలో కోణములను గూర్చి బోధించువారు భావవ్యంజన మనియు నాటకీయత యనియు కారణములు చెప్పుదురు. ఈ స్త్రీలు తమ వీపులను వంచిన చరిత్రనుండియే కెమెరా యెత్తును నిర్ణయించుకొనిరి. నేలమీద కూర్చుండి విత్తనములు చెరుగుచు మాటలాడు ముసలమ్మను నిలుచుండి చిత్రించితిమేని, మన మనస్సులో ఎంత గౌరవమున్నను, తెరమీద ఆమె తల యెత్తి మనకు విన్నవించుకొనుచున్నట్లే కనబడును. కావున కెమెరాయే ఆమె కన్నుల యెత్తునకు దిగవలెను.

ఇది నీతిబోధగా తోచవచ్చును గాని, కెమెరా నెంచుకొనుటకు ఇంతకన్న పనికివచ్చు సూత్రము నాకు కనబడలేదు. డీఎస్‌ఎల్‌ఆర్ గర్భమున నొక అద్దముండును. లెన్సు గుండ వచ్చిన వెలుతురును అది మీదికి మరల్చగా, మనము కన్ను పెట్టి చూచునది ఆ ప్రతిబింబమునే. ఫోటో తీయునపుడు ఆ యద్దము రెప్పపాటున లేచి, వెలుతురును సెన్సరు మీదికి విడిచి, మరల దిగును. వీడియో తీయునంతసేపును అది లేచియే యుండవలెను గనుక, కన్ను పెట్టు కిటికీ చీకటియై, వెనుకనున్న తెరయే శరణ్యమగును. ఆ తెర కదలనిదైనచో, నేల కూర్చున్న మనిషి యెత్తున కెమెరా నుంచదలచినవాడు తాను కడుపుమీద పండుకొనవలసివచ్చును. కొంతసేపటికి విసిగి, లేచి నిలుచుండి, తనకు తెలియకయే పటేల్ షాటు తీయును. కెనాన్ 1500డి, నికాన్ డి3500ల తెరలు కదలవు. కెనాన్ 200డి మార్క్ 2, నికాన్ డి5600ల తెరలు ప్రక్కకు విచ్చుకొని మీదికిని క్రిందికిని తిరుగును. నాలుగింటి సెన్సరులును రెండు కోట్ల నలుబది లక్షల పిక్సెళ్ళవే. వెలలోని భేదము ఇట్టి కీళ్ళలోను రంధ్రములలోను ఉన్నది, వానినే కొనువాడు పరీక్షించి చూడడు.

పిక్సెళ్ళ లెక్కను ఇక్కడనే తేల్చి విడుతును. పూర్తి హెచ్‌డీ వీడియో చట్రమునకు కావలసినవి ఇరువది లక్షల పైచిలుకు పిక్సెళ్ళు; నాలుగు కె అనునదానికి సుమారు ఎనుబదిమూడు లక్షలు. పెండ్లి ఆల్బములో 12 అంగుళముల యెత్తు, 18 అంగుళముల వెడల్పు గల పుట నిండుగా ఒకే ఫోటోను, అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చు వేయవలెనన్నను కోటి తొంబదినాలుగు లక్షలు చాలును. అంతకు మించినవి గోడంత పటము చేయువారికి గాని మనకు గావు.

ఇక డీఎస్‌ఎల్‌ఆర్‌కు వీడియో వచ్చిన కథ. 2008వ సంవత్సరమున ఆగస్టులో నికాన్ డి90 ప్రకటితమైనది; వీడియో తీయగల మొదటి డీఎస్‌ఎల్‌ఆర్ అదియే. సెప్టెంబరులో కెనాన్ వారు 5డి మార్క్ 2ను ప్రకటించిరి. పాత ఫిలిం చట్రమంత, అనగా 36 మిల్లీమీటర్ల వెడల్పు 24 మిల్లీమీటర్ల యెత్తు గల సెన్సరుతో, పూర్తి హెచ్‌డీ వీడియోను అది తీయగలిగినది. వెనుకనున్నదానిని కరగించి ముఖమును మాత్రమే నిలుపు సినిమా సొగసు సామాన్యుని చేతికి వచ్చినదని లోకము మురిసినది. మన తెలుగున 2011లో రాంగోపాల్ వర్మ "దొంగల ముఠా"ను కెనాన్ 5డి కెమెరాలతో అయిదు దినములలో తీసి చూపెను. ఆ రెండు కెమెరాలు ప్రకటితమైన పిదప, అదే 2008లో అక్టోబరు 15వ తేదీన, ఝరాసంగం మండలములోని మాచ్నూరున సంఘం రేడియో ప్రారంభమైనది. ప్రసారతరంగములు ప్రజల సొత్తని 1995లో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు న్యాయమూర్తులలో నొకరగు పి.బి. సావంత్ దానిని ప్రారంభించిరి. 90.4 మెగాహెర్ట్జుల మీద ఆ స్త్రీలే మాటలాడుచు, పాడుచు, తమ పొలముల కబుర్లు తామే వినిపించుకొనిరి.

ఈ సంఘటనలకు పరస్పరసంబంధము లేకున్నను, పక్కపక్కన నిలిపి చూచినచో ఒక లోపము బయటపడును. లోకము కెమెరాకు కన్ను పెద్దది చేసికొని మురియుచుండగా చెవి మరుగునబడినది. మాచ్నూరువారు చెవినే ముందుంచుకొనిరి. డి90కి బయటి మైకు తగిలించు రంధ్రమే లేదు; 5డి మార్క్ 2కు అది యున్నను, నమోదగుచున్న ధ్వనిని తీయుచునే వినిచూచుటకు హెడ్‌ఫోను రంధ్రము లేదు. ఈ పక్షపాతము నేటికిని తొలగలేదు: 1500డి, డి3500లకు మైకు రంధ్రము లేదు, 200డి మార్క్ 2, డి5600లకు ఉన్నది. మసకబారిన బొమ్మను మాట బాగుగా వినబడినచో జనులు చూతురు. మాట వినబడని అద్దమువంటి బొమ్మను రెండు నిమిషములకే కట్టివేయుదురు. మా మెట్టపొలములలో గాలికి అడ్డు లేదు. కెమెరా నెత్తిన నుండు మైకునకు గాలిహోరును జాతరలోని లౌడుస్పీకరును తప్ప ఎదుటి మనిషి మాట చిక్కదు. కావున రైకకో అంగీకో తగిలించు చిన్న మైకును, దానికి బొచ్చుతొడుగును కొనువరకు వీడియో కెమెరా కొనినట్లు గాదు.

వెలుతురు సంగతికి వత్తము. ఝరాసంగమున కేతకీ సంగమేశ్వరస్వామి సన్నిధిని, ఇతర శివాలయములలో నిషిద్ధమైన మొగలిపూవు పూజార్హమగుచున్న ఆ ఆలయమున, శివరాత్రి రద్దీని చిత్రించువానికి కెమెరాతో వచ్చు 18-55 మిల్లీమీటర్ల లెన్సు చాలదు. 55 వద్ద దాని వెలుతురు రంధ్రము ఎఫ్/5.6 మించి తెరచుకొనదు (ఈ అంకె తగ్గినకొలది రంధ్రము పెద్దది). తక్కువ ధరకే దొరకు 50 మిల్లీమీటర్ల 1.8 లెన్సు అంతకు తొమ్మిది రెట్లకు పైగా వెలుతురును లోనికి తెచ్చును. అయితే చిన్న సెన్సరు కెమెరాపై ఈ 50 ఇంచుమించు 80 వలె ఇరుకుగా చూచును గనుక, చిన్న యింటి గదిలో వెనుకకు జరుగుటకు గోడ అడ్డమగును. అట్టిచోట కెనాన్‌వారి 24 మిల్లీమీటర్ల 2.8 గాని, నికాన్‌వారి 35 మిల్లీమీటర్ల 1.8 గాని మేలు. నికాన్ కొనువారు మరియొకటి గమనింపవలెను: డి3500, డి5600లలో ఫోకసు త్రిప్పు మోటారు లేదు; పేరు చివర "డి" అక్షరము గల పాత లెన్సులు చౌకగా దొరకినను వానిపై తమంతట తాము ఫోకసు కావు. అట్లని 18-55ను పారవేయనక్కరలేదు. అది పాతిక సెంటీమీటర్ల దూరమునుండి చూడగలదు గనుక, సంక్రాంతి నుండి ఎడ్లబండ్లపై ఊరూరికి తిరుగు పాతపంటల జాతరలో గింజల రంగులను పట్టుటకు పగటిపూట అదియే చాలును. రాత్రి ట్యూబులైట్ల క్రింద వీడియో తీయువారు సెకనుకు 25 చట్రములను, షట్టరు సెకనులో 50వ వంతును ఉంచవలెను. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది గావున అట్లు చేయనిచో తెరమీద వెలుతురు అదరుచుండును.

"డీఎస్‌ఎల్‌ఆర్‌కు కాలము చెల్లినది గదా, అద్దము లేని మిర్రర్‌లెస్ కొనరాదా?" అని అడుగుదురు. చెల్లుచున్న మాట నిజమే. కెనాన్‌వారి చివరి శిఖరశ్రేణి డీఎస్‌ఎల్‌ఆర్ 2020లో వచ్చిన 1డి ఎక్స్ మార్క్ 3, ఆ తరువాత వారి దృష్టి సంపూర్ణముగా మిర్రర్‌లెస్ వైపునకు మరలినది. వీడియోయే ప్రధానవృత్తిగా పెట్టుకొని, ధనమున్నవాడు దానినే కొనవలెను. కన్ను పెట్టు కిటికీ వీడియోలోను చీకటి గాదు, కదలు మనిషి ముఖమును ఫోకసు వదలదు. కాని ధనము కొలదిగా నున్నవానికి, అందరును వదలించుకొనుచున్న డీఎస్‌ఎల్‌ఆర్‌లును వాని లెన్సులును వాడినవి చౌకగా దొరకుచున్న ఈ సమయము అనుకూలమైనది. వాడినదానిని కొనువారు షట్టరు ఎన్నిసార్లు పడినదో అడుగుడు; లెన్సు రంధ్రమును ఎఫ్/16కు కుదించి తెల్లని గోడను తీసి, సెన్సరుమీది దుమ్ముచుక్కలను చూడుడు; లెన్సును దీపమునకు ఎత్తిపట్టి, వానకాలపు బూజు లోపల వేళ్ళూనినదేమో పరికింపుడు. వీడియోను 29 నిమిషముల 59 సెకనులకు తానై ఆపివేయు కెమెరాలు పెక్కు. దీర్ఘసంభాషణము చిత్రించువాడు దీనిని ముందే ఎరిగియుండవలెను. తెర వెలిగినంతసేపు బ్యాటరీ వేగముగా కరగును గనుక రెండవ బ్యాటరీ భోగవస్తువు గాదు.

పెద్ద కెమెరా లేనివానికి పెండ్లివారు బయానా ఇయ్యరను మాటలో సత్యము కొంత గలదు. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలమున పెద్ద పెట్టె అవసరమే. గాజుపలక యెంతయో పటమును అంతయే గనుక. ఆ కారణము పోయి నూరేండ్లు దాటినను ఆ గౌరవము మాత్రము నిలిచినది. దానికై అప్పు చేయుటకన్న, తీసిన నాలుగు వీడియోలను ఫోనులో చూపి ఒప్పించుట మేలని నా యభిప్రాయము. ఫోనొక్కటే చాలదా అన్నవారికి, పగటివెలుతురున దగ్గరి మనిషి మాటకు చాలుననియే చెప్పుదును. రాత్రికిని, దూరమునకును, గంటలకొలది పనికిని చాలదు.

యాబదివేల రూపాయలు గలవాడు, తిరుగు తెరను మైకు రంధ్రమును విడువక, సగమునకు మించి కెమెరా పెట్టెకు వెచ్చింపరాదు; తక్కినది మైకునకు, వెడల్పు రంధ్రపు లెన్సునకు, నేలబారునకు దిగు ట్రైపాడునకు, బ్యాటరీకి పంచవలెను. అంత లేనిచో ముగ్గురు నలుగురు కలసి కొనవచ్చును. పస్తాపూర్ స్త్రీలు కెమెరాలను ఉమ్మడి పనిముట్లుగానే వాడిరి. పెండ్లిండ్లు లేని ఆషాఢమున ఆ సామగ్రి ఊరకుండును. సరిగా అప్పుడే పొలములలో విత్తు సాగుచుండును, చెప్పదగిన మాటలు గల ముసలివారు గట్లమీద నుందురు. ఆ వీడియోలకు అప్పటికి వెల పలుకకపోవచ్చును గాని, చేయి తిరుగుట అక్కడనే జరుగును. మాఘమున ముహూర్తములు మొదలగునప్పటికి, పెండ్లిపీటల యెత్తునకు కెమెరాను దించుట ఎవరును చెప్పకయే అలవడియుండును.

— వీక్షకుడు