సడలుచున్న సమాజము - మన కర్తవ్యము

మన కుటుంబములలో నేడు తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. "మా పిల్లలకు తెలుగు అర్థమగును గాని మాటాడుట రాదు" అని తలిదండ్రులు చెప్పుచుందురు. కొందరు చింతతో చెప్పుదురు. కొందరు నవ్వుచు చెప్పుదురు. మరికొందరు గర్వముగనే చెప్పుదురు. ఒక్క యింట విన్నప్పుడు ఇది ఆ యింటివారి అశ్రద్ధ యని తోచును. కాని ఇదే మాట హోసూరులోను, బళ్లారిలోను, బరంపురములోను, షోలాపురములోను వినబడుచున్నది. ఇన్ని ఊళ్లలో, ఇన్ని తెరగుల కుటుంబములలో ఒకే ఫలము కనబడుచున్నప్పుడు, కారణమును ఇంటి గడపలోపల మాత్రమే వెదకుట చాలదు. సమాజములో వచ్చిన మార్పును గూడ పరికింపవలెను.

సమాజశాస్త్రము పుట్టినదే ఇట్టి మార్పులను అర్థము చేసికొనుటకు. 1887లో జర్మను పండితుడగు ఫెర్డినాండ్ టోనీస్, రక్తబంధుత్వముచేతను ఇరుగుపొరుగు చేతను అల్లుకొన్న సముదాయమునకును, లాభనష్టముల ఒడంబడికపై నిలిచిన సంఘమునకును గల భేదమును వివరించెను. 1897లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు ఎమిలీ దుర్ఖీము ఆత్మహత్యలను గూర్చి గ్రంథము వ్రాసి, పాత కట్టుబాట్లు తెగి క్రొత్తవి ఏర్పడకున్నచో మనుజునకు ఏ దిక్కును తోచని నియమరాహిత్యము కలుగునని హెచ్చరించెను. వీరిరువురును చూచినది పల్లె విడిచి కర్మాగారమునకు నడచిన ఐరోపా. ఆ నడకను మన పెద్దలును నడచిరి.

కోలారు బంగారు గనుల చరిత్ర మన పాఠకులలో కొందరికి సొంత కుటుంబ చరిత్రయే. 19వ శతాబ్ది చివరి దశకములలో జాన్ టేలర్ కంపెనీ అచ్చట గనులు త్రవ్వించుచున్నప్పుడు, తమిళ జిల్లాలనుండియు చిత్తూరు ప్రాంతమునుండియు శ్రామికులు తరలివచ్చిరి. 1902లో శివనసముద్రము నుండి ఆ గనులకు విద్యుచ్ఛక్తి చేరినది. పల్లె కట్టును విడిచి వచ్చినవారికి గనియే క్రొత్త కట్టు అయినది. భూగర్భమున ప్రాణాపాయము, ఊపిరితిత్తులను తినివేయు రాతిదుమ్ము, ఇరుకు లైను ఇండ్లు - ఇవియన్నియు నిజమే. ఆ బ్రతుకు సుఖమైనదని మేమనుట లేదు. కాని తండ్రి దిగిన గనిలోనికే కొడుకును దిగెడివాడు. ఒకే లైనులో పుట్టిన పిల్లలు కలిసి బడికి పోయెడివారు. కార్మిక సంఘము, గుడి, చర్చి, సంత అన్నియు నడక దూరములోనే యుండెడివి. ఎవరింట కష్టము వచ్చినను తెల్లవారులోగా లైనంతయు ఎరిగెడిది.

2001లో ఆ గనులు మూతపడినవి. నాటినుండి ఆ పట్టణపు జనులు వేలకొలదిగా తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పోయి, రాత్రికి ఇల్లు చేరుచున్నారు. ఒకే పెట్టెలో కూర్చున్న పదిమంది పదిమంది యజమానుల క్రింద, పది విధములైన షరతులపై పనిచేయుదురు. ఒకడు దుకాణమున కావలి. మరియొకడు కట్టడముల మేస్త్రీ. ఇంకొకడు ఏదో కార్యాలయమున తాత్కాలికోద్యోగి. వీరిలో ఒకని పని పోయినచో తక్కినవారికి తెలియుటకు వారము పట్టును. తెలిసినను చేయగలిగినది లేదు. గనిలో పని పోయినచో అది అందరి సమస్య. ఇచ్చట పని పోయినచో అది వాని యొక్కని దురదృష్టము.

ఈ భేదమునే నేటి సమాజశాస్త్రజ్ఞులు పలు పేర్లతో పిలుచుచున్నారు. జర్మను పండితుడగు ఉల్రిచ్ బెక్ 1986లో ప్రకటించిన గ్రంథమున, ఆధునిక పరిశ్రమ సంపదతోపాటు అపాయములను గూడ ఉత్పత్తి చేయుచున్నదనియు, సమాజము కల్పించిన చిక్కులకు పరిష్కారమును ఒక్కొక్క మనుష్యుడు తన బ్రతుకులోనే వెదకికొనవలసి వచ్చుచున్నదనియు చెప్పెను. పోలండులో పుట్టి, 1968లో స్వదేశమును విడువవలసివచ్చి, ఇంగ్లండులోని లీడ్సు నగరమున స్థిరపడిన జిగ్మంట్ బౌమన్, 2000లో ఈ కాలమునకు "ద్రవాధునికత" యని పేరిడెను. ఘనపదార్థము వలె నిలుచు ఉద్యోగము, కుటుంబము, ఊరు, కట్టుబాటు అన్నియు నేడు నీరువలె ఏ పాత్రలో పోసిన ఆ యాకృతి తాల్చి, మరుక్షణమున మరియొక చోటికి ప్రవహించుచున్నవని ఆయన భావము. ఆంథొనీ గిడెన్స్ వంటివారు మాత్రము ఇది ఆధునికత గడచిన కాలము కాదనియు, ఆధునికతయే పరాకాష్ఠకు చేరిన కాలమనియు వాదించిరి. పేరు ఏదియైనను రోగలక్షణములలో వారికి పెద్ద భేదము లేదు.

"ఆధునికోత్తరము" అను మాటను ఎక్కువగా ప్రచారమునకు తెచ్చినది ఫ్రెంచి తత్త్వవేత్తయగు జాన్ ఫ్రాంస్వా ల్యోతార్ 1979లో ప్రకటించిన చిన్న గ్రంథము. అందరిని ఒకే గమ్యమునకు నడిపింతునను మహాకథనములపై, అనగా విజ్ఞానము ముక్తినిచ్చును, చరిత్ర తనంతట ముందుకు పోవును అను వాటిపై, జనులకు నమ్మకము సడలుటయే ఈ కాలపు లక్షణమని ఆయన నిరూపింపజూచెను. ఆ గ్రంథము పుట్టుక మనవంటివారికి ఆసక్తికరము. అది కెనడాలోని క్విబెక్ ప్రభుత్వపు విశ్వవిద్యాలయ మండలి కోరికపై వ్రాసిన నివేదిక. ఆంగ్లభాషీయులు అధికసంఖ్యాకులుగా గల దేశమున ఫ్రెంచిభాషను నిలుపుకొనుటకై 1977లో శాసనము చేసికొన్న రాష్ట్రమది. పెద్ద భాష నడుమ చిన్న భాషవారుగా బ్రతుకువారికి, కాలము ఎటు పోవుచున్నదను ప్రశ్న పండితగోష్ఠి కాదు, ఇంటి సమస్య.

ఇక మన సంగతికి వత్తము. 2011 జనగణన ప్రకారము దేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. తమిళనాడున సుమారు 42 లక్షలు, కర్ణాటకమున సుమారు 35 లక్షలు. దేశజనాభాలో మన పాలు 2001 నాటి 7.19 శాతము నుండి 6.70 శాతమునకు తగ్గినది. మూడవ స్థానమున నుండిన తెలుగు నాల్గవ స్థానమునకు దిగినది. జననముల సంఖ్యలోని తేడాయే ఇందుకు కొంత కారణము గావున, దీనిని చూచి గుండెలు బాదుకొననక్కరలేదు. అయినను తెలుగువారని పిలువబడు ఎన్ని యిండ్లలో తెలుగు నిజముగా మాటాడబడుచున్నదో ఈ లెక్కలు చెప్పజాలవు.

మాతాత కాలమున తెలుగు మాటాడుటకు నిర్ణయము అక్కరలేదు. వీధి యంతయు తెలుగే. పెండ్లి సంబంధము, చేతిపని, భజన, పంచాయతి అన్నియు తెలుగున నడచెడివి. పిల్లవాడు ఆ నీటిలో చేపవలె పెరిగెడివాడు. నేడు వీధి పోయినది; అపార్ట్‌మెంటు వచ్చినది. చేతిపని పోయినది, బదిలీల ఉద్యోగము వచ్చినది. తెలుగు వారసత్వముగా వచ్చు ఆస్తి కాక, కావలెనన్న తీసికొనగల, వలదన్న విడువగల వస్తువైనది. యానాములో రాష్ట్రభాష వలన వచ్చు చిక్కు లేదు, ఇరుగుపొరుగెల్ల తెలుగువారే. అచ్చటి తలిదండ్రులు సైతము ఇంట పిల్లలతో ఏ భాష మాటాడవలెనని ఆలోచించుచున్నారన్నచో, ఈ మార్పు లోతు తెలియుచున్నది.

జేబులోని ఫోను ఈ చిక్కును మరింత విచిత్రము చేసినది. తెలుగు పాటలు, చలనచిత్రములు నేడు ఎచ్చటనున్నను క్షణములో వినవచ్చును, చూడవచ్చును. మన పిల్లలకు తెలుగు నటుల పేర్లన్నియు తెలియును. కాని అమ్మమ్మతో పది నిమిషములు మాటాడుటకు మాటలు చాలవు. భాష వినోదముగా మిగిలి, బంధుత్వముగా పోవుచున్నది. 1991లో భాషల క్షీణతను గూర్చి గ్రంథము వ్రాసిన జాషువా ఫిష్మన్ చెప్పిన ముఖ్యవిషయము ఇదియే: పత్రికలు, ప్రసారములు, శాసనములు ఎన్ని యున్నను, తల్లి నుండి బిడ్డకు ఇంటిలో అందని భాష నిలువదు.

ఇచ్చట రెండు పొరపాట్లకు మనము లోనుకాకూడదు. పూర్వకాలమంతయు స్వర్ణయుగమని తలచుట మొదటిది. ఎస్. సి. దూబే 1955లో ప్రకటించిన గ్రామాధ్యయనము హైదరాబాదు చెంతనున్న శామీరుపేటను గూర్చినది. ఆ పల్లెలో ప్రతివానికిని ఒక స్థానము, ఒక పని, ఇతరులతో ఒక సంబంధము ఉండెను. కాని ఆ స్థానమును నిర్ణయించినది కులము. పాత ముడులు వదులగుటచేత ఊపిరి పీల్చుకొన్నవారు కలరు. వారిని మరల ఆ ముడులలోనికి రమ్మనుట అన్యాయము. రెండవ పొరపాటు, సడలిన సమాజమునకు జడిసి, మన చుట్టును గోడ కట్టుకొని, పొరుగు భాషవారిని పరాయివారుగా చూచుట. కాళ్లక్రింద నేల కదలినప్పుడు మనుజుడు ఏదో యొక గుర్తును గట్టిగా పట్టుకొని దానికై పోరాడుటకు సిద్ధపడుననియు శాస్త్రజ్ఞులు చూచియున్నారు. మనకు అన్నముపెట్టిన నేలభాషను చక్కగా నేర్వనివాడు తెలుగునకు మేలు చేసినవాడు కాడు. కన్నడమో, తమిళమో, ఒడియయో, మరాఠియో మన రెండవ తల్లి. ఆమెతో తగవు మనకు లేదు.

మరియొక సంగతిని ఈ చర్చలో పలువురు మరచుచున్నారు. ఎంపిక, స్వేచ్ఛ యను మాటలు ఉన్నవారికే చెల్లును. చెన్నపట్టణమున పారిశుధ్యపు పనిచేయువారిలో తరతరములుగా తెలుగు మాటాడు కుటుంబములు పెక్కు కలవు. షోలాపురమున మగ్గములను, బీడీల పనిని నమ్ముకొన్న తెలుగు కుటుంబములు వేలకొలది. ఈ యిండ్లలో తెలుగు నేటికిని పిల్లల నోట సజీవముగా నున్నది. ఆ పిల్లలలో పెక్కుమందికి తెలుగు అక్షరము నేర్పువారు మాత్రము లేరు. మేడలలో అక్షరమున్నచోట మాట పోవుచున్నది. వాడలలో మాట యున్నచోట అక్షరము లేదు. ఈ రెంటిని కలుపుట భాషాసంఘముల ప్రథమ కర్తవ్యము కావలసియుండగా, మన సంఘములు ఇంతకాలము మేడల వైపే చూచినవి. ఉగాదికి వేదికపై కూర్చుండువారు ఎవరో, ఆహ్వానపత్రిక ఏ వీధులకు పోవుచున్నదో తలచుకొన్నచో ఈ మాటలోని నిజము బోధపడగలదు. ఈ దోషమున మా పత్రికకును పాలు కలదు.

రాజ్యాంగము మనకు కొంత రక్షణ నొసంగినది. 1956లో చేసిన ఏడవ సవరణచే చేరిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో విద్య నేర్పుటకు తగిన వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. 350-బి అధికరణము ఈ విషయములను పరిశీలించుటకు ప్రత్యేకాధికారిని ఏర్పరచినది. ఈ హక్కులకై విన్నపములు చేయుచుండవలసినదే. కాని చట్టము బడి తలుపు తెరువగలదు. భోజనపు వేళ పిల్లవానితో తెలుగు మాటాడజాలదు.

కావున మా సూచనలు కొన్ని. ఇంటిలో దినమునకు ఒక గంటయైనను తెలుగే మాటాడు నియమమును పెద్దలు పెట్టుకొందురు గాక. తప్పు మాటాడిన పిల్లవానిని ఎగతాళి చేయకుందురు గాక. ఎగతాళికి జడిసి నోరు మూసికొన్న పిల్లలే ఎక్కువ. రాబోవు జనగణనలో మాతృభాషను అడిగినప్పుడు తెలుగని జంకులేక వ్రాయింతురు గాక. కులమునకొక సంఘముగా చీలియున్న మనవారు భాష విషయమునందైనను ఒక్క చాపపై కూర్చుందురు గాక. తుదకు, ఉగాది ఉత్సవమునకు మనము చేయు వ్యయములో సగమును కార్మికుల వాడలలో సాయంకాలపు తెలుగు బడులకు మరలింపవలెనని మా ప్రతిపాదన. రాబోవు సర్వసభ్య సమావేశమున దీనిని చర్చింప కోరుచున్నాము. పూలదండలు తగ్గును, విందులో పిండివంట యొకటి తగ్గును. అందుకు అలుగువారును ఉందురని ఎరుగుదుము.

కట్టుబాట్లు తమంతట నిలిచియుండు కాలము గడచినది. ఇక నిలుచునవి మనము కోరి, శ్రమపడి నిలుపుకొన్నవి మాత్రమే. ఇది కష్టమైనదే కాని ఇందొక మేలును కలదు. మన తాతలు తెలుగు మాటాడినది వారికి వేరొకటి తెలియకపోవుటచేత. మన మనుమలు మాటాడినచో, అది వారు కావలెనని పట్టుకొన్నదగును. ఆ కోరికను వారిలో పుట్టింపగలమా యనునదే నేడు మన యెదుటనున్న ప్రశ్న. సమావేశమునకు వచ్చునప్పుడు మీ పిల్లలను గూడ వెంటబెట్టుకొని రండని మనవి.